వైకుంఠం పట్టిన ఎలుకలు

హైదరాబాద్ పాత బస్తీలో ఛత్రినాక మెకానిక్ వైకుంఠానికి ఈ లోకంలో ఒక్కటే శత్రువు. అది ఎలుక. ఇంజన్ మొరాయించినా, హారన్ మూగబోయినా, లైటు ఒంటికన్ను పెట్టినా, ఆయన బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, దీర్ఘంగా నిట్టూర్చి "ఎలుక" అనేవాడు. అంతటితో రోగనిర్ణయం పూర్తి.

ఒకసారి రిటైర్డ్ హెడ్మాస్టర్ సోమయ్యగారి కారు తలుపుకి మూరెడు సొట్ట పడింది. ఆయన నిప్పులు కక్కుతూ షెడ్డుకి తెచ్చారు. వెనకాల భార్య నాగమణమ్మగారు, అప్పుడప్పుడే డ్రైవింగ్ నేర్చుకుంటున్నావిడ, తల వంచుకుని నిలబడ్డారు. వైకుంఠం సొట్టను ఆప్యాయంగా నిమిరాడు.

"ఎలుక సార్."

"ఇంత సొట్ట ఎలుక పెట్టిందా?"

"పాత బస్తీ ఎలుక సార్. మస్తు తిని ఉంటది."

షెడ్డులో ఉన్నవాళ్లంతా పొట్టలు పట్టుకున్నారు. చివరికి సోమయ్యగారికీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వినవాళ్లలో రఘురామ్ ఒకడు. కాకినాడ నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాడు, రుజువు లేనిదే ఏదీ నమ్మడు. వైకుంఠం గొప్ప పనివాడే గాని కాస్త తిక్క మనిషని ఆ రోజే తీర్మానించుకున్నాడు.

2007లో రఘురామ్‌కే కష్టం వచ్చింది. లాల్‌దర్వాజాలో వాళ్ల అద్దె ఇంటి ముందు పదేళ్ల పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉండేది. ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. కానీ అత్తగారు వాసవాంబ ఎక్కిన పది నిమిషాలకే ముప్ఫై తుమ్ములు, ఆపైన ఆయాసం. బండికి దిష్టి తగిలిందని ఆవిడ శుక్రవారం శుక్రవారం పూజ మొదలుపెట్టారు. ముందు అద్దం కింద, బానెట్ అంచున, పిడికెడు పసుపు, పిడికెడు కుంకుమ. ఆయాసం పెరిగింది. ఆవిడ పిడికెడును దోసెడు చేశారు. ఆయాసం ఇంకా పెరిగింది.

"ఈ బండి మనకి అచ్చిరాలేదు బాబూ. అమ్మేయ్," అన్నారు చివరికి.

పెద్దావిడ ఊపిరి కంటే బండి ఎక్కువా? ఆదివారం పదింటికి వచ్చి తీసుకెళ్తానని ఒకాయన మాట ఇచ్చాడు. బ్రేకులు కీచుమంటున్నాయి, అవైనా సరిచేసి ఇద్దామని శనివారం రఘురామ్ భారమైన మనసుతో వైకుంఠం దగ్గరికి బయల్దేరాడు. దారిలో గుడి దగ్గర దిగుతానని వాసవాంబగారూ ఎక్కారు గాని, గుడి దాకా వెళ్లలేకపోయారు. షెడ్డు ముందు స్టూలు మీద కూలబడి రొప్పసాగారు.

ఆవిడ రొప్పు విన్నాక వైకుంఠం బ్రేకుల జోలికే పోలేదు. ముందు సీట్లో కూర్చుని, అద్దాలెక్కించి, ఏసీ ఫ్యాన్ పెట్టి, కళ్లు మూసుకున్నాడు. ఐదు నిమిషాల తర్వాత దిగాడు.

"సార్, ఈ బండి నిజామాబాద్‌ల తిరిగిందా?"

రఘురామ్ ఉలిక్కిపడ్డాడు. "మొదటి ఓనర్‌ది ఆ ఊరే. నీకెలా తెలుసు?"

"ఆడి మార్కెట్ల పసుపు కొమ్ముల వాసన. గాయన బీడీలు తాగుతుండె. ఒక కుక్క గూడ ఉండె. వానల తడిసిన కుక్క."

కుక్క సంగతీ నిజమే. రఘురామ్ ఒళ్లు గగుర్పొడిచింది. వాళ్ల ల్యాబ్‌లో ఖరీదైన యంత్రాలు బోలెడున్నాయి, వాటిలో ఒక్కటి కూడా పదేళ్ల నాటి కుక్కను పట్టుకోలేదు.

వైకుంఠం డ్యాష్‌బోర్డు సొరుగు ఊడదీసి, వెనకాల చెయ్యి పెట్టి, పుస్తకమంత చట్రం ఒకటి బయటికి లాగాడు. అది బండి లోపలికొచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్. తెల్లగా ఉండాల్సిన కాగితం. పదేళ్లుగా ఎవరూ మార్చలేదు, అలాంటిదొకటి ఉందని రఘురామ్‌కి తెలియనే తెలియదు. అడుగున ఎండుటాకులు, కుక్క బొచ్చు. పైన మాత్రం వేలెడు మందాన పసుపు కుంకుమలు గడ్డకట్టి ఉన్నాయి. అద్దం కింది కంతల్లోంచే బండి గాలి పీల్చుకుంటుంది. పూజ చేసినదంతా లోపలికే వెళ్లి, అక్కణ్ణుంచి అత్తగారి ముక్కులోకి వస్తోంది.

"అంటే అత్తయ్యగారి పూ..." అనబోయాడు రఘురామ్.

వైకుంఠం అతని కాలు తొక్కాడు. బూటున్నా నొప్పి పుట్టింది.

"ఏమిటి నాయనా అది?" స్టూలు మీంచి అడిగారు వాసవాంబగారు.

వైకుంఠం ఫిల్టర్‌ను గోనెపట్టాలో గబగబా చుట్టేశాడు. "ఎలుకమ్మా! లోపల గూడు పెట్టింది. నువ్వు పూజ చేస్తుంటివి గాబట్టి ఇన్నొద్దులు వైర్లు కొరకలేదు."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "చూశావా బాబూ! ఏదో ఉందని నేను మొత్తుకుంటూనే ఉన్నాను!"

"ఇగ నుంచి కుంకుమ టైర్లకు పెట్టమ్మా. ఎలుకలు టైర్లెక్కే పైకొస్తయ్. కిందనే ఆపాలె."

"అలాగే నాయనా, నాలుగింటికీ పెడతాను."

వైకుంఠం గాలి దారంతా శుభ్రం చేసి కొత్త ఫిల్టర్ బిగించాడు. బ్రేకులూ చూశాడు. వాసవాంబగారు బండెక్కి కూర్చున్నాక రఘురామ్ ఆయన్ని పక్కకి లాగాడు.

"ఎలుక ఎక్కడుంది వైకుంఠం?"

"లేదు సార్."

"మరి సోమయ్యగారి కారుకి?"

"వాళ్లింటి గేటు రంగు సొట్టకు అంటుకొని ఉండె. నాగమణమ్మ వణుకుతుండె. ఏమంటం?"

"అసలు ఇన్నేళ్లలో ఎలుకనెప్పుడైనా చూశావా?"

"ఒక్కపారి చూసిన. భయమై ఉరికిన." వైకుంఠం చేతులు తుడుచుకున్నాడు. "మనిషి పేరు చెప్తే ఇంట్ల లొల్లి సార్. ఎలుక పేరు చెప్తే దానికేం ఫికర్?"

తప్పు ఎక్కడుందో తేల్చడమే రఘురామ్ ఉద్యోగం. తేలిన తప్పుని ఇంత శ్రద్ధగా దాచే పనితనాన్ని అతను మొదటిసారి చూశాడు. ఈ మనిషిని చూసి నవ్వినందుకు నిజంగా సిగ్గుపడ్డాడు.

తిరుగుదారిలో అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. అలియాబాద్ మలుపు దగ్గర వాసవాంబగారు గట్టిగా ఊపిరి పీల్చారు. రఘురామ్ బిగుసుకుపోయాడు. తుమ్ము రాలేదు.

"చల్లగా ఉంది బాబూ," అన్నారావిడ.

ఆదివారం పదింటికి బండి కొనే పెద్దమనిషి వచ్చాడు. ఇంటి ముందు బండి లేదు. రఘురామ్ భార్య ఉదయశ్రీ గుమ్మంలోకి వచ్చి నొచ్చుకుంటూ చెప్పింది.

"ఏమీ అనుకోకండి. మా అమ్మ ఏడింటికే బండెక్కింది. చార్మినార్ చుట్టూ నాలుగుసార్లు తిప్పించిందట, ఇంకా దిగనంటోంది."