ఏడు కుండీలకు అమ్మవారు

ఆ రోజుల్లో చక్కెర, సబ్బు, కిరసనాయిలు అన్నీ కొలిచి వాడేవాళ్ళం. కొలత లేకుండా దొరికేది భయం ఒక్కటే. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. గుడియాత్తంలో అగ్గిపెట్టెలు జిగురుతో అంటించే పని విడిచి, వేలూరు సత్తువాచారిలో ఒక టీచరమ్మ ఇంట్లో పనికి చేరాను. (ఐదో తరగతితో ఆగిన చదువుకు కలెక్టరు ఉద్యోగం ఇస్తారా?) ఆ ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన, ఏడు కుండీల్లో ఫెర్న్ మొక్కలు ఉండేవి. పువ్వు లేదు, కాయ లేదు, ఈకల్లాంటి ఆకులు మాత్రమే. టీచరమ్మ తల్లి పెంచినవి. ఆ పెద్దామె ఆ గదిలోనే, వాటిని చూస్తూనే కన్ను మూసిందట. అప్పటినుంచి అవీ కొనలు మాడి, ఆకు రాలుస్తున్నాయి. మార్గళి నెల చలి మొదలవగానే టీచరమ్మ కూతురి కాన్పుకని నెల రోజులకు జోలార్పేట బయలుదేరింది. "మా అమ్మది మిగిలింది ఇవే. చలికాలం దాటించినావా, ఈడ ఉంటావు. ఎండబెట్టినావా, గుడియాత్తం బస్సెక్కెయ్" అంది. మళ్ళీ ఆ అగ్గిపుల్లల మందు వాసన, ఆ జిగురు వేళ్ళు!

ముందు ఎండిన ఆకులన్నీ కత్తిరించాను. (పారెయ్యలేదు, పొయ్యి రాజేసుకున్నాను.) మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం దుమ్ము తుడుస్తూ ఒక ఆకు తిప్పితే, వెనుక గోధుమరంగు పొక్కులు. ఎవరో కూర్చుని పెట్టినట్టు, రెండు వరసల్లో. ఇంకో ఆకు తిప్పాను. ఉన్నాయి. ఏడు కుండీల్లోనూ ఉన్నాయి.

ఆదివారం నన్ను చూడవచ్చిన పిన్నమ్మ ఒక్క ఆకు తిప్పి చూసి, రెండు చెంపలూ వేసుకుంది.

"ఇది పురుగు కాదు పాపా. అమ్మవారు పోసినాది."

"మొక్కలకా పిన్నమ్మా?"

"పెద్దామె పోయినాక దిక్కులేనివి కదే. అట్లాంటోళ్ళ కాడికే ఆ తల్లి ముందొస్తాది. సుమ్మా, ఊరికే గట్టిగా మాట్లాడొద్దు, వినబడతాది."

ఏం చెయ్యాలో చెప్పి, సాయంత్రం బస్సుకే పారిపోయింది. మనిషికి చేసేవన్నీ చేశాను. కిటికీ మూశాను, ఫ్యాను ఆపేశాను. వాకిట వేపమండలు కట్టాను. రెండు పూటలా వేపకొమ్మతో పసుపునీళ్ళు చిలకరించాను. ఒళ్ళు చల్లబడాలని కుండీల కింద తడి ఇసుక పరిచాను. ఘాటు తగలకూడదని నా కూరకు తాలింపు కూడా మానేశాను. (మజ్జిగ కూడా పోయమంది. మొక్కకు మజ్జిగా! నేనే తాగాను.)

ఇక ఆ ఇంట్లో నేనూ, అవీ. గాలి లేని గదిలో ఆకులు కదిలిన చప్పుడయ్యేది. నేను గడపలో అడుగు పెడితే ఆగిపోయేది. పదో రోజు మట్టిలోంచి ఏదో లేచింది. నూగు కప్పిన చిన్న పిడికిలి, బిగించి ఉంది. మర్నాడు నాలుగు. రోజుకింత ఆకులా విప్పుకుంటూ, తలుపు సందులోంచి నేను తొంగిచూసే వైపే తల వంచేవి. "పెద్దమ్మా, నేను పనిమనిషిని. నన్నేం చెయ్యొద్దు" అని ఆ పోయిన పెద్దామెను తలచుకుని దండం పెట్టేదాన్ని.

నెల తిరిగి టీచరమ్మ వచ్చింది. వేపమండలు చూసి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఎవురికే?"

"ఏడుగురికీ అమ్మా."

"ఏడుగురా? ఇంట్లో ఉండేది నువ్వొక్కదానివి కదే!"

"పెద్దమ్మ పిల్లోళ్ళకి."

ఆమె చేతిలో సంచి కింద పడింది. తలుపు తెరిచి చూపించాను. ఏడు కుండీల నిండా పచ్చటి ఆకులు, నేలదాకా వాలి ఉన్నాయి. ఆమె ఒక ఆకు తిప్పి చూసి పగలబడి నవ్వింది. "పిచ్చిదానా, ఇవి పొక్కులు కాదే! దీనికి విత్తనం ఆకు ఈపునే ఉంటాది. ఇన్నాళ్ళూ ఎండకీ ఫ్యానుకీ మాడినాయి. నీడా తడీ ఇచ్చి నువ్వే బతికించినావు."

ఆమె ఇంకా నవ్వుతుండగానే, కిటికీ మూసిన ఆ గదిలో ఆకులన్నీ ఒక్కసారి ఊగి, ఆగాయి. టీచరమ్మ నవ్వు ఆగింది. బడిలో సైన్సు చెప్పే ఆ మనిషి గొంతు తగ్గించి అడిగింది.

"మూడో నీళ్ళు పోసినావా?" (అమ్మవారు దిగాక పోసే చివరి స్నానం అది.)

"ఇంకా లేదమ్మా."

"సరే. ఆదివారం ఇద్దరం కలిసి పోద్దాం."

ఆదివారం అంటే, నేను ఉంటాననే కదా. పదకొండేళ్ళు ఉన్నాను. ఎవరినీ ఊరికే మెచ్చుకునే అలవాటు నాకు లేదు. పనిమనిషినని మొక్కలకు చెప్పుకుని వణికిన ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లను తలచుకుంటే ఇప్పుడు చిన్నగా నవ్వొస్తుంది. అయినా అంత భయంతో ఆ పిల్ల చేసిన పనిని, ఇప్పటి తెలివితో నేనైతే సగం చేసి పడుకునేదాన్ని.