తర్వాత మేస్త్రి

తాళాల మేస్త్రికి ఒకటే జబ్బు. ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వింటాడు. మధ్యలో అడ్డు రాడు, సలహా ఇవ్వడు, తన గొడవ ఎత్తడు. కళ్లు మూసుకుని కూర్చుని, చెప్పేవాడు ఆగినప్పుడల్లా ఒకే మాట అంటాడు, "తర్వాత?" అని. వీధి వీధంతా అతన్ని తర్వాత మేస్త్రి అనే పిలిచేది.

ఆ మాటంటే జనానికి హడల్. మారు తాళంచెవి చేయించుకుందామని వచ్చిన పంతులమ్మ, రెండో 'తర్వాత?'కే అది అత్తగారి బీరువాదనీ, ఆవిడ లేనప్పుడు తెరుద్దామనుకున్నాననీ ఒప్పేసుకుంది. తాళంచెవి సంగతి మరిచి ఇంటికి పరుగెత్తింది.

అందరికన్నా ఎక్కువ హడలిపోయింది అతని చిన్ననాటి నేస్తం, ఎదురుగా సెలూన్ నడిపే ఆయన. కొన్నాళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. కత్తి పడితే మరీను. ఆ చెయ్యే ఆయన బతుకు. పైకి అంటే ఎక్కడ నిజమైపోతుందోనని భయం. డాక్టరు గుమ్మం వైపే చూసేవాడు కాదు. ఓసారి మేస్త్రి చెవి కింద కత్తి జారింది కూడా. మేస్త్రి మాత్రం పక్క కుర్చీలోని మనిషి కాపురం కబుర్లు వింటూ ఉలకలేదు, పలకలేదు. తెలియలేదు కాబోలు, బతికిపోయాను అనుకుని సెలూనాయన గబగబా దూది అద్దేశాడు.

అప్పటినుంచి మేస్త్రి రోజూ గడ్డానికి రాసాగాడు. గీయడానికి ఏమీ ఉండేది కాదు. సెలూనాయన రేడియో పెద్దగా పెట్టి, పళ్లు బిగించి, నురగ పూయడంతోనే పొద్దు గడిపేవాడు.

ఒక ఉదయం సెలూన్లో ఇంకెవరూ లేరు. కరెంటు పోయి రేడియో మూగబోయింది. సెలూనాయన మేస్త్రి సగం మొహానికి నురగ పూసి కత్తి తీశాడో లేదో, అది గిన్నె అంచుకు తగిలి గలగలమంది. మేస్త్రి కళ్లు తెరవలేదు. మెడ మాత్రం ఇంకాస్త పైకెత్తాడు. ఆ మెడ చూసి సెలూనాయన కత్తి పక్కన పెట్టేశాడు.

"వద్దురా. నా చెయ్యి వణుకుతోంది."

"తర్వాత?"

"డాక్టరు దగ్గరికెళ్తే, ఇక కత్తి పట్టుకోవద్దంటాడేమోనని భయంరా."

"తర్వాత?"

"తర్వాతేముంది, నా మొహం. ఒక్కణ్ణీ వెళ్లలేను."

మేస్త్రి కళ్లు తెరిచాడు. మెడకు కట్టిన గుడ్డతోనే లేచి, "పద" అన్నాడు. అన్నేళ్ల స్నేహంలో సెలూనాయన అతని నోట విన్న రెండో మాట అదే.

వీధి పొడుగునా నురగ మొహంతో మేస్త్రి ముందు నడిస్తే, సెలూనాయన వెనక నడిచాడు. ఆసుపత్రి గదిలోకి అడుగుపెట్టగానే డాక్టరు మేస్త్రినే పలకరించాడు.

"ఏమిటి, మీ పిల్లి మళ్లీ గీరిందా? చెవి కింద గాయం మానలేదా?"

సెలూనాయన బిత్తరపోయాడు. మేస్త్రి ఇంట్లో పిల్లి లేదు. పిల్లి కనిపిస్తే మేస్త్రి బల్లెక్కి నిలబడే రకం.

"మానిందండీ," అన్నాడు మేస్త్రి, నేస్తాన్ని కుర్చీలో కూర్చోబెడుతూ. "ఇవాళ పిల్లినే తీసుకొచ్చాను."

సెలూనాయనకు ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. వణుకుతున్న చేతిని అలాగే డాక్టరు ముందు పెట్టాడు.