అక్కకు ఒక్కపొద్దా?

మా ఆయనకు మహబూబాబాద్‌లో మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఎండాకాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల రైతులు కాలిపోయిన మోటార్లను ఆటోల్లో వేసుకొని వస్తారు. మోటారు విప్పకముందే వాసన చూసి, లోపల ఏం కాలిందో చెప్పేస్తాడు. అది పనిలో మంచిదే. ఆ ముక్కును హోటల్‌కు కూడా వెంటబెట్టుకొని రావడమే మా ఇంట్లో గొడవ.

గడప దాటగానే నూనె నిన్నటిదని తేల్చేస్తాడు. ఇడ్లీ తెల్లగా ఉంటే సోడా వేశారంటాడు, లేకుంటే పిండి పులిసిందంటాడు. చికెన్ ఎర్రగా ఉంటే రంగు, ఎర్రగా లేకుంటే పొద్దుటిది. ఇన్నేళ్లలో ఆయన చేతిలో పాసైన హోటల్ మా ఊళ్లో ఒక్కటీ లేదు. బస్టాండు దగ్గర ఊరంతా వరసకట్టే టిఫిన్ సెంటర్ ఉంది కదా అంటే, ఊరంతా తింటే మంచిదైపోతుందా అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

న్యాయంగా చెప్పాలంటే ఆయనకూ ఒక కారణం ఉంది. పెళ్లికి ముందు భూపాలపల్లిలో ఒక షాపులో పని నేర్చుకున్నాడు. గది ఒకచోట, పని ఒకచోట, తిండి మెస్సులో. పొద్దున ఏ పప్పు పోశారో సాయంత్రం దానికే నీళ్లు కలిపి పోసేవారట. అక్కడే పచ్చకామెర్లు వచ్చాయి. పని మధ్యలో వదిలేసి ఇంటికొచ్చి, వాళ్లమ్మ చేతి చప్పిడి కూడు తింటూ చాలా రోజులు మంచంలో ఉన్నాడు. అది మెస్సు తిండి వల్లే అని ఆయన నమ్మకం. ఆ ఊరి నీళ్ల వల్ల కూడా కావచ్చు కదా అని నేనంటే ఒప్పుకోడు.

"ఇల్లు లేనోడు తింటడు హోటల్ల. మనకేం కర్మ?" అంటాడు.

ఇక నా సంగతి. నేను దంతాలపల్లిలో సర్కారు బడి టీచర్‌ని. పొద్దున్నే వండి, ఇద్దరికీ డబ్బాలు కట్టి, బస్సెక్కి పోయి, సాయంత్రం అదే బస్సులో నిలబడి వచ్చి మళ్లీ పొయ్యి ముట్టిస్తాను. నాకు హోటల్ అంటే ఇష్టం. దీన్ని దాచుకోవాల్సిన పనేమీ లేదని నా అభిప్రాయం. పరీక్షలు అయిపోయిన రోజు మా టీచర్లమంతా కలిసి హోటల్‌కు పోతాం. ఆ రోజు ఇంటికొచ్చాక మా ఆయన నన్ను ఎదురుగా నిలబెట్టి, ఏం తిన్నావు, కడుపులో ఎట్లా ఉంది అని పోలీసులా అడుగుతాడు. కడుపులో ఏదైనా కాస్త తేడాగా ఉంటే బాగుండునని ఆయన ఆశ. నాకేమో రాయి తిన్నా అరిగే కడుపు.

రుచి కోసం పోతానని అనుకునేరు. సొంత డబ్బా అనుకున్నా సరే, నా పచ్చిపులుసు ముందు ఏ హోటల్ సాంబారూ నిలవదు. నాకు కావలసింది వేరు. మా ఆయన తింటున్నప్పుడే, ఆయన ఎదురుగా కూర్చొని, నేనూ తినాలి. అంతే. ఇదేం కోరిక అని నవ్వుతారేమో. మా ఇంట్లో మాత్రం అది జరగని పని.

ఎందుకు జరగదో చెబుతాను. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా అత్త నాకొక మాట చెప్పింది.

"వడ్డించే చెయ్యి ఎంగిలి గావద్దు బిడ్డా."

ఆమె చెడ్డది కాదు, నా మీద కోపంతోనూ చెప్పలేదు. ఆమెకు వాళ్ల అత్త చెప్పి ఉంటుంది. నేను కూడా తినడానికి కూర్చుంటే నా కుడిచెయ్యి ఎంగిలవుతుంది. అప్పుడు ఆయనకు అన్నం ఎవరు పెడతారు, కూర ఎవరు వేస్తారు? కాబట్టి ఆయన తినాలి, నేను నిలబడాలి. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాక నేను కూర్చోవాలి. రాత్రిపూట మా ఇంట్లో జొన్నరొట్టెలు. రొట్టె పెనం మీది నుంచి నేరుగా కంచంలోకి రావాలి ఆయనకు. ఆయన ముందుగదిలో టీవీ ముందు, నేను వంటింట్లో పొయ్యి ముందు. మధ్యలో రొట్టెలు తిరుగుతుంటాయి. నావి ముందే కాల్చి పక్కన పెట్టేస్తాను.

అత్త చనిపోయి చాలా కాలమైంది. మా బిడ్డ హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అయినా ఆమె మాట వంటింట్లోంచి పోలేదు. ఒకసారి నేను బయటపడి, ఇద్దరం కలిసి తిందాం అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, వద్దన్నదెవరు, కూర్చో అన్నాడు. కంచం పెట్టుకొని కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నానో లేదో జర పెరుగు అన్నాడు. చెయ్యి కడుక్కొని లేచాను. వచ్చి కూర్చుంటే మామిడికాయ తొక్కు అన్నాడు. మళ్లీ లేచాను. ఆ పూట నేను తిన్నదానికంటే చెయ్యి కడుక్కున్నది ఎక్కువ. అప్పుడు అర్థమైంది నాకు, ఎంగిలి కాని ఇంకో చెయ్యి ఉంటే తప్ప మేమిద్దరం కలిసి తినలేమని. ఆ చెయ్యి హోటల్లో ఉంటుంది.

ఈ మాట ఆయనకు విడమరిచి చెప్పలేకపోయాను. హోటల్‌కు పోదాం అన్న ప్రతిసారీ ఆయన తిండి గురించి మాట్లాడతాడు, నేను కూడా ఆ వాదనలోకే దిగి బిర్యానీని వెనకేసుకొస్తాను. బిర్యానీతో నాకేం చుట్టరికం? అయినా గంటసేపు దాని తరఫున కొట్లాడతాను.

మధ్యేమార్గంగా ఆయన పార్సిల్ కనిపెట్టాడు. అంత తినాలని ఉంటే తెస్తా, ఇంట్లో తిను అన్నాడు. తెచ్చాడు కూడా. నేను పొట్లాలు విప్పి, గిన్నెల్లోకి తీసి, ఆయనకు వడ్డించి, ఆయన వంకలన్నీ విని, ఆ తర్వాత కూర్చొని తిని, గిన్నెలు తోమాను. ఇంటి కూటికీ దోవ కూటికీ చెడ్డట్టు అంటే ఇదే. పైగా నా ముచ్చట తీర్చానని ఆయనకు తృప్తి. ఆ తృప్తి చూస్తే నాకు ఒళ్లు మండింది.

జనగామలో మా అక్క ఉంటుంది. ఒకసారి పోయినప్పుడు మా బావ అందరినీ హోటల్‌కు తీసుకుపోయాడు. ఈసారి తప్పించుకోలేడనుకున్నాను. ఆయన వచ్చాడు, కూర్చున్నాడు, తనకు మాత్రం పెరుగన్నం చాలన్నాడు. అంతమంది బిర్యానీ తింటుంటే ఈయన పథ్యం తింటున్నవాడిలా పెరుగన్నం నాలుగు ముద్దల్లో ముగించి, మేం తినడం మొదలుపెట్టకముందే చెయ్యి కడుక్కొని బయటికెళ్లి నిలబడ్డాడు. మా బావ చిన్నబుచ్చుకున్నాడు. నేను బిర్యానీ తిన్నాను కానీ కోపంతో తిన్నాను. కోపంతో తింటే ఏదీ ఒంటబట్టదు.

మొన్న చలికాలంలో కాటారంలో మా పెద్దమ్మకు బాగాలేదంటే చూడడానికి వెళ్లాం. రెండో శనివారం, నాకు బడి సెలవు. ఆమె మంచంలో ఉంది, ఇంట్లో వాళ్లంతా దవాఖానకు తిరిగి తిరిగి అలసిపోయి ఉన్నారు. ఆ పరిస్థితిలో మాకు వండమని ఎట్లా కూర్చుంటాం? తిని వచ్చామని అబద్ధం చెప్పి, చాయ్ తాగి, బస్సెక్కి భూపాలపల్లిలో దిగాం. అప్పటికి మధ్యాహ్నం దాటిపోయింది. పొద్దున తిన్న ఉప్మా ఎప్పుడో అరిగింది. ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. నేనేమీ అడగలేదు. ఆయనే కాసేపు అటూ ఇటూ చూసి, ఏదైనా తిందాం పా అన్నాడు. ఆకలి రుచెరగదంటారు, ఆకలి పంతం కూడా ఎరగదని ఆ రోజు తెలిసింది.

బస్టాండుకు దగ్గర్లోనే ఒక భోజన హోటల్. తనకు కామెర్లు తెప్పించిన ఊళ్లో, తానుగా లోపలికి నడిచి, గోడ పక్క బల్ల చూసి కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. నా మనసు ఎంత సంబరపడిందో చెప్పలేను. నడివయసు మనిషి ఒకాయన వచ్చి చెరొక స్టీలు పళ్లెం పెట్టి, పప్పు, కూర, చారు గిన్నెలు సర్ది, అన్నం బకెట్టు తీసుకొచ్చాడు. నా పళ్లెం వైపు వంగాడు.

అప్పుడు నేను చేసిన పని చూడండి. పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి, ముందు అటు పెట్టు అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోరే అనేసింది. మా ఆయనకు అన్నం పడింది. నేను పప్పు గిన్నె తీసి ఆయన పళ్లెంలో వంచాను. కూర వేశాను. ఉప్పు చాలిందా అని ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపాను. ఆయన ఆకలి మీద ఉన్నాడు, నూనె వాసన కూడా చూడకుండా గబగబా తింటున్నాడు. వడ్డించే మనిషి వేరే బల్లలు చూసుకొని సాంబారు తీసుకొని మళ్లీ వచ్చాడు. నా పళ్లెం ఖాళీగా, తుడిచినట్టు ఉంది. ఆ మనిషి నా వైపు చూసి, శనివారం కదా అనుకున్నాడో ఏమో, మర్యాదగా అడిగాడు.

"అక్కకు ఒక్కపొద్దా?"

మా ఆయన తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"లేదన్నా. ఆమె తర్వాత తింటది."

వడ్డించే మనిషికి ఏమీ అర్థం కాలేదు. తర్వాతంటే ఎప్పుడు అన్నట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బల్ల కోసం గుమ్మం దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. గిరాకీ ఉన్నది, తింటే ఇప్పుడే తినమని నాకు నెమ్మదిగా చెప్పాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. హోటల్లో కూడా తర్వాతేనా అని పైకే నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే కళ్లలో నీళ్లొచ్చాయి. ఆయన మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ కోపం నా చెయ్యి మీద వచ్చింది. ఇన్నేళ్లు కొట్లాడి ఇక్కడిదాకా వస్తే, అన్నం అడ్డుకున్నది నా చెయ్యే కదా. మా ఆయనకు తాను అన్న మాట అప్పటికి చెవిన పడ్డట్టుంది. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

ఏమైందని అడిగాడు. అప్పుడు చెప్పాను. పచ్చిగా చెప్పాను.

"నాకు బిర్యానీ వద్దు, ఏం వద్దు. నువ్వు తినేటప్పుడు నీ ఎదురుంగ కూసోని తినాలె. గంతే నేనడిగేది. పెండ్లైనకాడి నుంచి ఒక్కనాడన్న తిన్ననా?"

ఆయన వడ్డించే మనిషిని పిలిచి నాకు అన్నం పెట్టించాడు. పప్పు గిన్నె ఎడమచేత్తో నా వైపు తోశాడు. నేను కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆయన చెయ్యి పళ్లెంలో అట్లాగే ఉంది. తర్వాత ఇద్దరం తిన్నాం. పప్పులో ఉప్పెక్కువైంది, కూరలో నూనె తేలుతోంది. ఆయన ఒక్క వంక పెట్టలేదు. నేనూ పొగడలేదు. హన్మకొండలో బస్సు మారి ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

మర్నాడు సాయంత్రం పొయ్యి మీద పెనం పెట్టి, పిండి కలుపుతుంటే ఆయన వంటింట్లోకి వచ్చాడు. ముందు రొట్టెలన్నీ చేసుకో, అయినంక ఇద్దరం తిందాం అన్నాడు. సరే అన్నాను. రొట్టెలన్నీ చేసి గుడ్డలో చుట్టి, కూర, పెరుగు, తొక్కు, నీళ్లు అన్నీ తెచ్చి పెట్టుకొని, టీవీ బంద్ చేసి, ఎదురెదురుగా కూర్చున్నాం. ఎవరి కంచంలో వాళ్లం వేసుకున్నాం. మళ్లీ వేసుకోవలసి వస్తే ఎడమచెయ్యి ఉంది కదా అన్నాడు. అత్త బతికి ఉంటే ఏమనేదో తెలియదు.

జొన్నరొట్టెది ఒక గుణం ఉంది. పెనం మీది నుంచి దిగిన కాసేపు మెత్తగా ఉంటుంది. ఆ తర్వాత తుంచితే విరుగుతుంది. ఆయన మొదటిది తుంచాడు, నమిలాడు, మింగాడు. రెండోది పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సల్లారి గట్టిగైనయ్. గిట్లుంటే ఎట్ల తింటరు?"

ఆయన దెప్పాలని అనలేదు. నిజంగానే అడిగాడు. నేను కూడా దెప్పాలని అనలేదు, ఉన్నదే చెప్పాను.

"నేను ఇన్నేండ్లు గివే తిన్న."

ఆయన నమలడం ఆపాడు. చేతిలో ఉన్న రొట్టెను చూశాడు, నా కంచంలో ఉన్నదాన్ని చూశాడు. పట్టుకున్న రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి, కూరలో నానబెట్టుకొని, వదలకుండా మొత్తం తిన్నాడు. చెయ్యి మాత్రం కడుక్కోకుండా నా రొట్టె అయిపోయేదాకా కూర్చున్నాడు.

"వచ్చే ఆదివారం హోటల్‌కు పోదాం," అన్నాడు. "ఆడైతే ఇద్దరికి వేడిగ పెడ్తరు."