పాడే మనిషి రాని రోజు పుట్టిన పాట

ప్రొద్దుటూరులో పొద్దున ఆరున్నర బస్సెక్కాను. పెళ్ళిళ్ళలో గిటారు వాయించడం నా పని. మా నాన్న కొన్న అరవైల నాటి రికార్డు ఒకటి ఇంట్లో ఉంది. మాటల్లేవు, రెండు గిటార్లే. దాని మధ్య భాగం ఎన్నిసార్లు విన్నా నా వేళ్ళకు అందలేదు. వాయించినవాళ్ళలో ఒకరైన దేవదానం గారు జమ్మలమడుగులోనే ఉన్నారని ఈమధ్యే తెలిసింది. ఆయన దగ్గరే నేర్చుకుందామని బయల్దేరాను.

"గిటారా? యాడప్పా పెళ్ళి?" అన్నాడు కండక్టరు.

"పెళ్ళి కాదు. నేర్చుకునేదానికి పోతాండా."

"ఈ వయసులోనా!" అంటూ టికెట్ ఇచ్చాడు.

బస్టాండు పక్కన కారం దోశ తిని, చర్చి వెనక వీధిలో ఇల్లు పట్టుకున్నాను. దేవదానం గారికి ఎనభై దాటాయి. ఫోన్‌లో పాట పెడితే కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆ పొద్దు మద్రాసు స్టూడియోకు పాడే ఆయన రాలేదు. ఊరికే కూర్చోకుండా ఏదన్నా వాయించండప్పా అన్నారు. నేనొకటి ఎత్తుకున్నా, రత్నం జవాబిచ్చినాడు. ముందు అనుకునిందేం లేదు. నువ్వడిగే ముక్క వానిది."

"ఆయన ఎక్కడున్నారు?"

"పులివెందులలో. రికార్డు మీద వాని పేరు నేనే తీయించినానని వానికి ఎవరో చెప్పినారు. అప్పట్నుంచి మాటల్లేవు." లేచి చెప్పులేసుకున్నారు. "పద, నేనూ వస్తా."

ముద్దనూరులో బస్సు మారాం. పులివెందుల దగ్గర పడ్డాక, "వాడు తలుపేస్తే నువ్వొక్కనివే లోపలికి పో" అన్నారు.

తలుపు తీసిన రత్నం గారు గడపకు అడ్డంగా నిలబడ్డారు.

"నీ పేరు నేను తీయించలేదు రా" అన్నారు దేవదానం గారు.

"ఆ మాట అప్పుడే చెప్పింటే సరిపోయేది."

"నువ్వడిగింటే చెప్పేవాణ్ణి."

"సరే, ఎండలో యాడ నిలబడతావు? లోపలికి రా."

సంకటి తిన్నాక రికార్డులోని ఆ ముక్క నేర్పమని అడిగాను. రత్నం గారు నవ్వారు. "మతికి లేదప్పా. ఆ పొద్దుకు అట్ల వచ్చింది."

నా గిటారు దేవదానం గారు, తనది రత్నం గారు అందుకున్నారు. రికార్డులో లేనిదేదో మొదలైంది. మొదట తడబడ్డారు, తర్వాత ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. ఉన్నట్టుండి రత్నం గారు తన గిటారు నా చేతికిచ్చారు.

"వినిందాన్ని వాయించొద్దు. వానికి జవాబు చెప్పు."

రెండుసార్లు తప్పాను. ఆ తర్వాత వేళ్ళు దారి పట్టాయి.

దేవదానం గారు అక్కడే ఉండిపోయారు. సాయంత్రం బస్సుకు నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. అటు వెళ్ళేవాళ్ళు ముద్దనూరులో బస్సు కోసం కాస్త ఓపిక పట్టాలి. మిగతా దారంతా సుఖమే. కిటికీ పక్కన కూర్చుని ఇందాక వాయించిన జవాబునే కూనిరాగం తీస్తుంటే, పక్క సీటు పెద్దమ్మ అడిగింది:

"శానా బాగుంది. ఎవురి పాటప్పా అది?"

"నాదేమ్మా" అన్నాను.