మంచు కరిగే గీత

వేములవాడ రాజన్నకు మొక్కిన కోడెను గుడిలో కట్టి మొక్కు తీర్చనందుకే నీ కొడుకు పోయాడని రాజలింగు తల్లితో అన్నది ఈ వాడలో మీలో ఎవరు? అతను పోయినప్పుడు అక్కడ నేనున్నాను. జరిగింది చెబుతాను.

మార్చిలో నేనూ రాజలింగూ మా పటాలంతో లడాఖ్ చేరాము. పదమూడు వేల అడుగుల ఎత్తు. ఒక్క చెట్టు లేదు. రెండు స్వెటర్లు, పైన కోటు. అయినా వేళ్లకు స్పర్శ లేదు. పోస్టు ముందు గడ్డకట్టిన ఏరు. రేషన్, కిరోసిన్ అవతలి ఒడ్డున స్టోరులో ఉండేవి. మంచుమీద నడిచి తెచ్చుకునేవాళ్లం.

రాజలింగు బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసి సైన్యంలో చేరినవాడు. బాయిలో పైకప్పును ఇనుపకడ్డీతో కొట్టి, మోత విని, అది నిలుస్తుందో లేదో చెబుతారు. మంచునూ అలాగే కొట్టేవాడు. అతని వెనకే మేం నడిచేవాళ్లం.

ఏప్రిల్ చివర కెప్టెన్ పటం పరిచాడు. దానిమీద ఎర్ర గీతలు. ఒకే కాలంలో మంచు కరిగే చోట్లను కలిపే గీతను ఐసోటాక్ అంటారట. గడిచిన ఏళ్లలో ఎక్కడ ఎప్పుడు కరిగిందో చూసి గీశారు. ఆ వారపు గీత మా పోస్టు మీదుగా పోతోంది. ఆర్డర్: ఉదయం తొమ్మిది దాటాక ఏటిమీద ఎవరూ కాలు పెట్టకూడదు.

మర్నాడు ఆరింటికి రాజలింగు కడ్డీతో కొట్టుకుంటూ ఆవలికి వెళ్లాడు. స్టోరు తెరవడం ఆలస్యమైంది. పదకొండుకు వైర్‌లెస్‌లో అతని గొంతు.

"అన్నా, కిరోసిన్ దొరికింది. వస్తున్న."

"ఆగురా. ఎండ పడ్డది. గీత సంగతి యాదికి లేదా?"

"గా గీత గీసినాయన మంచుమీద నడిచిండా ఏంది? పొద్దుగాల్ల కొట్టిన, ఖంగుమన్నది. బాయిల ఒకసారి కొడితే షిఫ్టంత ఫికర్ లేదు. నువ్వు చాయ్ పెట్టు."

బాయిలో ఎండ ఉండదు. అతను మరిచింది అదొక్కటే.

ఉదయపు తన అడుగుజాడల్లోనే వచ్చాడు. సగం దాకా చూశాను. మంచు విరిగింది. తాడు విసిరాం. అందుకోలేదు. పొయ్యిమీద చాయ్ మరుగుతూనే ఉంది.

సర్వీసు ముగిశాక బెల్లంపల్లి వెళ్లాను. అతని తల్లి పీట వేసింది.

"కోడెను కట్టలే బిడ్డా. మా ఆయన మంచాన పడ్డడు, పోలేకపోయిన. గందుకే తీస్కపోయిండా రాజన్న?"

"కాదవ్వా. ఎండకు మంచు కరిగింది."

తల ఊపింది. నమ్మలేదు. నేను ఒక్కణ్ణి, అటు వాడంతా ఉంది.

మొక్కు తీర్చినవాళ్ల కొడుకు నడిచినా ఆ పూట ఆ మంచు విరిగేదే. నల్లటి నీళ్ల గుంతకు ఇటూ అటూ అతని ఉదయపు అడుగుజాడలు. అవి నా కళ్ల ముందునుంచి పోవు.

ఆ మాట అన్నవాళ్లు ఇవాళే ఆమె ఇంటికి వెళ్లండి. ఎదురుగా కూర్చుని, తప్పు నీది కాదవ్వా అని చెప్పండి. నా ఒక్కడి మాట చాలలేదు.