బండల కింద వెచ్చదనం

మా అల్లుడి ఉద్యోగం ఉత్తరాదిన, కొండల మీది ఊళ్ళో. మొన్న చలికాలంలో అమ్మాయి రమ్మంటే వెళ్ళాను. వాళ్ళ గోడల వెంట వేడినీళ్ళ గొట్టాలు ముందునుంచీ ఉన్నాయి, వాటికి నీళ్ళు కాచే బాయిలరు వంటింటి పక్కన ఉంది. నేనున్నప్పుడే మేస్త్రీ వచ్చి, ఆ పాత బాయిలరుకే ఇంకో దారి తీసి, పడకగది గచ్చు కింద చుట్టలుగా గొట్టాలు పరిచి కలిపాడు. గోడలకు వెళ్ళేంత వేడి పాదాలు ఓర్వవని, చల్లనీళ్ళు కలిపి పంపే మర ఒకటి మధ్యలో బిగించాడు. పనంతా ముగిసిన రోజు సాయంత్రానికి గచ్చు వెచ్చబడింది. అమ్మాయి సంబరంగా, చెప్పులు విప్పి నడిచి చూడమంది. ఆ వెచ్చదనం పాదాలకు తగలగానే నాకు ఏడుపు ఆగలేదు. మోకాళ్ళ నొప్పి అనుకుంది పిచ్చిపిల్ల, నేనూ అనుకోనిచ్చాను.

ఆదిలాబాద్ జిల్లా చలి ఎరిగినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మేముండేది బొగ్గుబాయి కాలనీలో, రెండు గదుల క్వార్టర్‌లో. బాయి లోపల గాలి సరిగ్గా తిరిగేలా గోనె పరదాలు కట్టడం మా బాపు పని. ఒక చలికాలం నా తమ్ముడు పుట్టి, చలి తగిలి, పేరు పెట్టకముందే పోయాడు. తరువాత అవ్వ, అమ్మను మేం అలాగే పిలిచేవాళ్ళం, మళ్ళీ నీళ్ళోసుకున్నప్పుడు, ఈసారి నా బిడ్డను చలికి ఇవ్వనని బాపు పంతం పట్టాడు.

బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం మా వైపు ఆచారం. ఆ పొగకు అవ్వకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అందుకని బాపు వంటింటి బొగ్గుల పొయ్యి పొగకే దారి మళ్ళించాడు. పక్కగది నేల తవ్వి, ఇటుకలతో కాలువ కట్టి, దాన్ని పొయ్యికి కలిపి, మీద షాబాద్ బండలు పరిచి, సందుల్లో బంకమట్టి మెత్తి, అవతలి గోడకు కొత్త పొగగొట్టం నిలబెట్టాడు. ఆ గది వాకిలి పైన జానెడు కంత ఒకటి వదిలి, "జర హవా ఆడాలె, గీ కంత ఎవ్వలూ ముయ్యొద్దు" అని అందరికీ చెప్పాడు. "బాయిల తిరిగి తిరిగి నీకు ఇంట్ల గూడ గాలి పిచ్చే పట్టిందిరా" అని నానమ్మ నవ్వింది.

చెల్లె పుట్టింది. ఆ గది ఎంత హాయిగా ఉండేదో ఏమని చెప్పను! ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి, చెప్పులు బయట విడిచి, ఉత్తినే బండల మీద కాసేపు నిలబడి పోయేవాళ్ళు. అవ్వకు దగ్గు తగ్గింది. చెల్లె బుగ్గలు నిండాయి.

ఒక రోజు గాలి బాగా కోసింది. మరునాడు తెల్లవారి బాపు మొదటి షిఫ్టుకు వెళ్ళాక, వంటింట్లో పడుకున్న నానమ్మా నేనూ లేచి గది తలుపు తీస్తే, అవ్వ తల పట్టుకుని లేవలేక మూలుగుతోంది. చెల్లె లేవలేదు. ఎంత కదిపినా లేవలేదు. అవ్వను వాకిట్లోకి మోసుకొచ్చి గాలికి పడుకోబెట్టాక మెల్లగా తేరుకుంది. కబురందిన బాపు మొహం నిండా బొగ్గుతో పరుగున వచ్చి, చెల్లె దగ్గర కూలబడి, తలెత్తి వాకిలి పైకి చూశాడు. కంతలో గోనె ముక్క కుక్కి ఉంది. మెల్లగా లేచి, దాన్ని లాగి, అంగీలో దోపుకున్నాడు.

"మంచిగనే ఉండె గదరా, పిల్లకు ఏమైందిరా?" అని నానమ్మ గుండె బాదుకుంటే, "ఏం లేదవ్వా, దానికి గంతే రాసిపెట్టి ఉన్నది" అన్నాడు.

చెల్లెను మట్టి చేసి వచ్చాక గడ్డపార తీసుకుని బండలన్నీ పెకలించాడు. ఎచ్చగ మంచిగున్నదాన్ని ఎందుకు తవ్వుతున్నావని నానమ్మ తిడుతూనే ఉంది. ఆ తరువాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. ప్రతి చలికాలం, తన కొడుకు కట్టిన వెచ్చటి బండల గురించి వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేది. బాపు వింటూ కూర్చునేవాడు.

నానమ్మ పోయాకే నాకు చెప్పాడు. వేడికి మట్టి ఎండి సందులు బీటలిచ్చాయట. వాసన లేని విషగాలి అందులోంచే వచ్చిందట. బాలింతకు గాలి సోకొద్దని నానమ్మ ఆ కంత మూసింది. "ముసల్ది పావురంతోనే, పిల్ల మీది ప్రేమతోనే మూసింది బిడ్డా. చెప్తే బతుకుతుండెనా?" అన్నాడు. అంతకాలం ఆ మాట ఒక్కడే మోశాడు.

ఇప్పుడు గాలి చెడితే కూతపెట్టే చిన్న డబ్బా ఒకటి అమ్మాయి వాళ్ళ గోడకు తగిలించి ఉంది. అరచేతిలో పట్టేంత వస్తువు. అప్పుడది ఉంటే నాకూ ఒక చెల్లెలు ఉండేది, ఈ పిల్లకు చిన్నమ్మ ఉండేది. ఆ సాయంత్రం లేచి కిటికీ జానెడు తీశాను. "అమ్మా, వేడంతా పోతుంది" అని అమ్మాయి కసిరింది. వేడే కదా, పోతే పోనీ అన్నాను.