కొంగు ముడిలో హాల్ టికెట్

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్లు చాపుకున్నా పర్వాలేదు, మన ఇల్లే. నిన్న సాయంత్రం పక్క గల్లీ టైలర్ భార్య పాలకు వచ్చింది. బర్రె కింద కూర్చున్న నా ఆకుపచ్చ చీర కొంగు చేతిలోకి తీసుకుని చూసి, "గింత చినిగింది గదమ్మా, ఇయ్యి, మిషన్ మీద ఏసిస్త" అన్నది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆమెకు చెప్పినట్టే మీకూ చెప్తాను.

ఆ చీర నాది కాదు, మా కోడలిది. యాకుత్‌పురా స్టేషన్‌కు అవతల మా ఇల్లు, ఇంటి వెనక కొట్టం, కొట్టంలో మూడు బర్రెలు. రెండింటి కింద ఎవరు కూర్చున్నా పాలిస్తాయి. మూడోది, నుదుటి మీద తెల్లమచ్చది, మా కోడలి చేతికి తప్ప ఇవ్వదు. ఇంకొకరు కూర్చుంటే పొదుగు బిగబట్టుకుని గోడవైపు చూస్తుంది, మనమేదో అప్పు అడగడానికి వచ్చినట్టు.

కోడలు మా ఇంటికి వచ్చేనాటికే ఆమె ఇంటర్ సగంలో ఆగింది. వచ్చిన మొదటి నెలలోనే చదువుకుంటానని అడిగింది. చూద్దాంలే అన్నాం. ఆ "చూద్దాం" తొమ్మిదేళ్లు నడిచింది, ఈలోగా మనవడు పుట్టి బడికి కూడా పోతున్నాడు. నర్సు కోర్సులో చేరాలని ఆమె కోరిక. దానికి ఇంటర్ కావాలి. పురానాపూల్ దగ్గర ఒక కాలేజీలో, చదువు మధ్యలో మానేసినవాళ్లకు పదో తరగతికీ ఇంటర్‌కూ ఆదివారం మధ్యాహ్నాలు పాఠాలు చెప్తారని విని తనే పోయి పేరు రాయించుకుంది. రెండు ఆదివారాలు పోయింది, మూడో ఆదివారం బర్రె దగ్గర ఆగిపోయింది. నాలుగో ఆదివారం పాఠం చెప్పే మేడమే వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చి, గడ్డిమోపు మీద కూర్చుని నాతో, "అమ్మా, ఆదివారం మూడు గంటలు ఈమెను మాకు ఇయ్యండి. బర్రెను మీరు చూస్కోండి" అన్నది. నేను మూడో తరగతి దాటినదాన్ని కాదు, అంత చదివిన మనిషి అడిగితే సరే అన్నాను.

అప్పుడు దొరికిన ఉపాయమే ఈ చీర. కోడలు కొట్టంలో కట్టుకునే చీర నేను కట్టుకుని, ఆమె కూర్చునే పీట మీద కూర్చుని, ఆమె పిలిచినట్టే పిలిచాను. బర్రె వాసన చూసింది, అనుమానంగానే సగం పాలు వదిలింది. ఏడాదంతా ఆదివారాలు ఆ సగం పాలతోనే నెట్టుకొచ్చాం. పరీక్షల్లో అన్నీ గట్టెక్కి ఫిజిక్స్ ఒక్కటి పోయింది. మా కొడుకు ముఖం ముడుచుకుని, "ఇంకొక్కసారి చూస్త అమ్మా. ఈసారి గిట్ల తప్పితే పుస్తకాలన్నీ పాత సామాన్ల కబాడీకి ఏస్త" అన్నాడు. కోడలు ఆ రాత్రే ఫిజిక్స్ పుస్తకం మళ్లీ తెరిచింది.

ఫిజిక్స్ మళ్లీ రాసే ముందురోజు సాయంత్రం కోడలు నెట్ సెంటర్ నుంచి హాల్ టికెట్ తెచ్చింది. అప్పుడే పాలు పిండే వేళ, కొట్టం చీరలోనే ఉంది. "యాడ పెట్టాలె అత్తమ్మా? అల్మారల పెడ్తే చిన్నోడు చింపుతడు" అన్నది. నేనే చెప్పాను: "కొంగుల ముడేస్కో. ఒంటి మీదుంటే యాడికి పోతది." చిన్న ప్లాస్టిక్ కవర్‌లో మడిచిపెట్టి గట్టిగా ముడేసింది.

మరునాడు మధ్యాహ్నం మంచి చీర కట్టుకుని చాంద్రాయణగుట్టకు బయలుదేరింది, పరీక్ష అక్కడే. వెళ్లేటప్పుడు పెన్ను అడిగాను, ఆధార్ కార్డు అడిగాను, నీళ్ల సీసా కూడా అడిగాను. హాల్ టికెట్ మాట ఇద్దరం ఎత్తలేదు. ఒంటి మీదే ఉందని ఇద్దరికీ ధైర్యం. ఆమె పోయాక నేను ఆకుపచ్చ చీర కట్టుకుని బర్రెను కడిగాను. కడిగి కొంగు పిండుతుంటే చేతికి ఆ ముడి గట్టిగా తగిలింది.

కొడుకు పాల క్యాన్లతో ఎటో ఉన్నాడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాడి దగ్గరే. పేడ నీళ్లు కారుతున్న చీరతోనే రోడ్డెక్కి ఆటో ఆపాను. ఆటో భాయ్ ముక్కు మూసుకుని, సంగతి విని చెయ్యి దించేశాడు. "బైఠో అమ్మా. ఫికర్ నక్కో కరో" అన్నాడు. దిగులుపడొద్దంటే దిగులు పోయేదా? దారంతా ఆ ముడి విప్పుతూనే ఉన్నాను. తడిసిన ముడి, లాగేకొద్దీ బిగుసుకుంది. గోరు విరిగింది. పంటితో లాగాను, రాలేదు. ఫ్లైఓవర్ కింద ఆటో ఆగినప్పుడల్లా తల బయటపెట్టి ముందున్న బండ్లను లెక్కపెట్టాను.

గేటు దగ్గర కోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పక్కన, తన విద్యార్థుల కోసం వచ్చిన మేడం వాచ్‌మన్‌తో మాట్లాడుతోంది. "నాలుగు నిమిషాలున్నది మేడం, నేనేం చేయాలె" అంటున్నాడు అతను. కోడలు నన్ను చూసింది, చీరను చూసింది, అప్పుడు కొంగును చూసింది. ఇద్దరం కలిసి ముడి లాగాం, కదల్లేదు. వాచ్‌మన్ గేటు మీద చెయ్యి వేశాడు. ఇంక ఆలోచించలేదు, కొంగు అంచు పళ్ల మధ్య పట్టి, పర్రున చింపి, ముడి ముడిగానే ఆమె చేతిలో పెట్టాను. "లోపల కోసుకుంటవో కొరుక్కుంటవో, ఉరుకు" అన్నాను. ఆమె ఉరికింది. మేడం నా భుజం మీద చెయ్యి వేసింది, నా చీర వాసనకు కూడా తియ్యలేదు.

ఇంటికి వచ్చి బర్రె కింద కూర్చుంటే అది నన్ను వాసన చూసి, చుక్క పాలివ్వలేదు. నా గాబరా దానికి తెలిసిందేమో. చీకటి పడే వేళకు కోడలు వచ్చి, మంచి చీరతోనే పీట మీద కూర్చుంటే అప్పుడు వదిలింది. ఆమె పిండుతూనే మెల్లగా, "మంచిగనే రాసిన అత్తమ్మా" అన్నది. ఫలితం వచ్చేదాకా ఆ మాట నమ్మడానికి నాకు ధైర్యం చాలలేదు. పాసైంది. ఇప్పుడు నర్సు కోర్సులో ఉంది, మచ్చ బర్రె నాకు పూర్తిగా పాలిస్తోంది, చీర మాత్రం మార్చనివ్వదు.

ఇదంతా విని టైలర్ భార్య కొంగు వదిలేసి, "అమ్మా, నేను తొమ్మిదో తరగతిల మానేసిన. నన్ను తీస్కుంటరా ఆడ?" అని అడిగింది. ఈ ఆదివారం కోడలిని తోడిచ్చి మేడం దగ్గరికి పంపిస్తున్నాను. తొమ్మిదేళ్లు ఎట్లా పోయాయో గుర్తులేదు గాని, గేటు దగ్గరి ఆ నాలుగు నిమిషాలు ఇంకా నా పళ్ల మధ్యనే ఉన్నాయి, అందుకే ఆ చినుగు కుట్టనివ్వను. మీ ఇంట్లో సగంలో ఆగిన చదువు ఎవరిదైనా ఉంటే అది నిండాలి, మీ గిన్నెల్లో పాలు నిండినట్టు. మీ ఇంటిల్లిపాదీ చల్లగుండాలి.